9 కిలోల కారు, 2 మిల్లీమీటర్ల తీగ

9 కిలోల రిమోట్ కారు ఒక మీటరు ఎత్తు నుంచి కింద పడిందనుకుందాం. నేల తాకే సరికి దాని వేగం సెకనుకు దాదాపు నాలుగున్నర మీటర్లు. చక్రాలు పైకి కదలడానికి ఉన్న జాగా 10 సెంటీమీటర్లు. ఆ వేగమంతా ఆ కాస్త జాగాలోనే చచ్చిపోవాలి. లెక్క కడితే, ఆగేంతసేపూ సగటున కారు బరువుకు 11 రెట్ల బలం దాన్ని కింది నుంచి పట్టి ఉండాలి. అంటే నాలుగు చక్రాల మీద కలిపి దాదాపు 100 కిలోల మూట పడేసినట్టు. సరిగ్గా అమర్చిన కారు ఈ దెబ్బను మింగేసి, ఒక్కసారి కుంగి, లేచి, అదే ఊపులో ముందుకు పోతుంది. అమరిక తప్పితే బంతిలా ఎగురుతుంది, లేదా పొట్ట నేలకేసి కొట్టుకుని ఏదో ఒకటి విరుగుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా కొన్ని చుట్ల ఉక్కు తీగ, కొన్ని చెంచాల నూనె, బొటనవేలి గోరంత ప్లాస్టిక్ బిళ్ల.

ఆటబొమ్మకు ఇంత హంగామా ఏమిటని అనిపించవచ్చు. కానీ ఇప్పటి పెద్ద రిమోట్ కార్లు బొమ్మ అనే మాటకు లొంగవు. టెక్సస్‌లోని ట్రాక్సస్ కంపెనీ తయారుచేసే ఎక్స్-మాక్స్ 8 కిలోలు దాటుతుంది, గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పెట్రోలు ఇంజను పెట్టిన లోసీ ఫైవ్-టి ఇంకా బరువు. జపాన్‌లోని టమియా 1976లో పోర్షే 934 నమూనాతో రిమోట్ కార్లను ఇళ్లలోకి తెచ్చినప్పుడు అవి నున్నటి నేల మీద పరుగెత్తే తేలిక వస్తువులు. 1984లో అమెరికాలో అసోసియేటెడ్ కంపెనీ నుంచి, రోజర్ కర్టిస్ రూపకల్పనలో, ఆర్‌సి10 వచ్చింది. అల్యూమినియాన్ని లేతు మీద కోసి చేసిన నూనె షాకబ్జార్బర్లు దానికి పేరు తెచ్చాయి. అప్పటి నుంచి ఈ అభిరుచిలో షాకబ్జార్బర్ అలంకారం కాదు, అసలు యంత్రం.

చిన్న కారుకు పని సులువేమో అనుకుంటాం. నిజం తిరగేసి ఉంది. కారును ఆరో వంతుకు కుదించగలం గానీ భూమి ఆకర్షణను కుదించలేం. ఆరో వంతు కారు ఒక మీటరు నుంచి పడితే, దాని సైజుతో పోల్చినప్పుడు, అసలు ట్రక్కు ఆరు మీటర్ల నుంచి, అంటే రెండంతస్తుల మేడ మీది నుంచి పడ్డట్టే. ఏ ట్రక్కు సస్పెన్షనూ అలాంటి రోజు చూడదు. ఈ చిన్న కార్లు మాత్రం పార్కులో ఒక్క పూట ఆటలోనే పదిసార్లు చూస్తాయి.

నిర్మాణం చూద్దాం. చాసిస్‌కు అడుగున పిన్నుతో బిగించిన చెయ్యి లాంటి భాగం ఆర్మ్. దాని ఒక కొస చాసిస్ దగ్గర మడత బందులా తిరుగుతుంది, రెండో కొసన చక్రం ఉంటుంది. చాసిస్ మీద నిటారుగా నిలబడ్డ పలక షాక్ టవర్. టవర్ నుంచి ఆర్మ్ మీదికి షాకబ్జార్బర్ వాలి ఉంటుంది, దాని చుట్టూ స్ప్రింగు. టవర్‌కీ ఆర్మ్‌కీ వరుసగా రంధ్రాలుంటాయి, ఎక్కడ బిగించాలన్నది మన ఇష్టం. స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకే చోట కూర్చున్నాయి కాబట్టి రెండూ ఒకే పని చేస్తాయనుకోవడం సహజం. కానీ స్ప్రింగు పని బరువు మోయడం, దెబ్బ తగిలితే ఆ శక్తిని దాచిపెట్టి తిరిగి ఇచ్చేయడం. దాచిన శక్తి తిరిగి రాకుండా వేడిగా మార్చి ఖర్చు పెట్టేది షాకబ్జార్బర్‌లోని నూనె. కారు కుంగిపోతోందని నూనె చిక్కగా పోసేవాళ్లూ, ఎగురుతోందని స్ప్రింగు గట్టిది వేసేవాళ్లూ ఈ రెండు పనులను కలిపేసుకున్నవాళ్లే. నిశ్చలంగా నిలబడ్డ కారును నూనె ఒక్క మిల్లీమీటరు కూడా పైకి ఎత్తదు.

ముందు స్ప్రింగు. ఎంత నొక్కితే అంత ఎదురు తిరుగుతుందన్న సంగతి రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చు వేయించాడు. ఆ ఎదురుతిరిగే గట్టితనం మూడు కొలతల మీద ఉంటుంది. చుట్ల సంఖ్య పెరిగితే స్ప్రింగు మెత్తబడుతుంది. చుట్టు వ్యాసం పెరిగితే దాని ఘనం చొప్పున మెత్తబడుతుంది. తీగ మందం పెరిగితే మాత్రం ఏకంగా నాలుగో ఘాతం చొప్పున గట్టిపడుతుంది. 2 మి.మీ. ఉక్కు తీగ, చుట్టు సగటు వ్యాసం 22 మి.మీ., పనిచేసే చుట్లు 8 ఉన్న స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి దాదాపు 190 గ్రాముల బరువు కావాలి. మిగతావి అలాగే ఉంచి తీగ మందం 2.1 మి.మీ. చేస్తే 230 గ్రాములు కావాలి. మందంలో తేడా ఒక మిల్లీమీటరులో పదో వంతు, గట్టితనంలో తేడా ఐదో వంతు పైన. రెండు స్ప్రింగులనూ పక్కపక్కన పెడితే కన్ను పట్టుకోలేదు, వెర్నియర్ కాలిపర్స్ ఉండాల్సిందే. అందుకే కంపెనీలు స్ప్రింగుల మీద రంగు చుక్కలు పెడతాయి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు రెండు కొసల్లో చదునుగా పడుకున్న చుట్లను వదిలేయాలి. అవి ఆసరాకే, పని చేయవు.

ఇప్పుడు ఈ స్ప్రింగును కారుకు తగిలిద్దాం. ఇక్కడే ఈ అమరికలోని అందం మొదలవుతుంది. చాసిస్ పిన్ను నుంచి చక్రానికి దూరం 100 మి.మీ. అనుకుందాం. షాకబ్జార్బర్‌ను ఆర్మ్ మీద 60వ మిల్లీమీటరు దగ్గర, దాదాపు నిటారుగా బిగించాం. చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగు 6 మి.మీ. మాత్రమే నలుగుతుంది. స్ప్రింగు తిరిగి తోసే బలంలో కూడా 0.6 వంతే చక్రం దాకా చేరుతుంది. కదలికలో ఒకసారి, బలంలో ఒకసారి కోత పడింది కాబట్టి చక్రానికి తెలిసే గట్టితనం 0.6 వర్గం, అంటే 0.36 వంతు. మన 190 గ్రాముల స్ప్రింగు చక్రం దగ్గర 68 గ్రాముల స్ప్రింగు. ఆ చక్రం మీద 2 కిలోల భారం ఉంటే కారు ఆ మూల 29 మి.మీ. కుంగి నిలుస్తుంది. అదే షాకబ్జార్బర్‌ను 6 మి.మీ. బయటికి, 66వ మిల్లీమీటరు దగ్గరి రంధ్రంలోకి మార్చండి. గట్టితనం 83 గ్రాములవుతుంది, కుంగుడు 24కు తగ్గుతుంది. పాత రంధ్రంలోనే ఉంచి 2.1 మి.మీ. తీగ స్ప్రింగు వేసినా దాదాపు అదే 83, అదే 24. తీగలో పదో వంతు మిల్లీమీటరూ, రంధ్రంలో 6 మిల్లీమీటర్లూ చక్రం దగ్గరికొచ్చేసరికి ఒకే మాట చెబుతున్నాయి.

అయితే రెండు దారులూ ఒకటే అనుకుంటే తప్పు. స్ప్రింగు మారిస్తే నూనె అడ్డగింపు అలాగే ఉంటుంది. గట్టితనం ఐదో వంతు పెరిగితే కారు ఊపును అదే తీరున ఆపడానికి నూనె అడ్డగింపు దాని వర్గమూలం చొప్పున, అంటే పదో వంతు, పెరగాలి. రంధ్రం మారిస్తే స్ప్రింగుతో పాటు షాకబ్జార్బర్ అడ్డగింపు కూడా చక్రం దగ్గర ఐదో వంతు పెరిగిపోతుంది. కావలసిన దానికన్నా ఎక్కువ. కాబట్టి మొదటి దారిలో నూనెను కొంచెం చిక్కబరచాలి, రెండో దారిలో కొంచెం పలచబరచాలి. ఒకే ఫలితం కోసం బయల్దేరిన ఇద్దరికి నూనె విషయంలో వ్యతిరేక సలహాలు ఎందుకు అందుతాయో ఇక్కడ తెలుస్తుంది. ఇద్దరికీ చెప్పింది సరైనదే, ఎవరు ఏ దారిలో వెళ్లారో అడగకుండా చెప్పారంతే.

స్ప్రింగు మీద కూర్చునే మరల రింగు కాలర్. కారు మొత్తంలో అందరూ ఎక్కువగా తిప్పేది దీన్నే, దీని గురించి అపోహలూ ఎక్కువే. కాలర్‌ను 5 మి.మీ. కిందికి దించితే స్ప్రింగు గట్టిపడిందనుకుంటారు. కానీ నిలబడ్డ కారు బరువు మారలేదు, ఆ బరువును మోస్తున్న స్ప్రింగు పొడవూ మారలేదు. స్ప్రింగుకు పైన ఆనిక 5 మి.మీ. దిగింది కాబట్టి చాసిసే చక్రం దగ్గర 8 మి.మీ. పైకి లేచింది. కాలర్ ఎత్తును దిద్దుతుంది, గట్టితనాన్ని ముట్టుకోదు. రెండు బ్యాటరీలు వేయగానే కారు వెనక భాగం కుంగిందని కాలర్లను మరల చివరిదాకా బిగిస్తే ఏమవుతుంది? కారు ఎత్తుగా, ఠీవిగా నిలబడుతుంది. కానీ చక్రానికి కిందికి దిగే జాగా పోతుంది. గుంత వచ్చినప్పుడు చక్రం అందులోకి జారి నేలను పట్టుకోవాలి. ఆ జాగా లేనప్పుడు కారు గుంత మీదుగా గాలిలో తేలుతుంది, మలుపులో లోపలి చక్రం లేస్తుంది. మొత్తం కదలికలో మూడో వంతు దాకా కారు తన బరువుతోనే కుంగి ఉండాలి. అంత కుంగుడు వదలకుండా ఎత్తు రావడం లేదంటే కావలసింది మందమైన తీగ, కాలర్ మరలు కాదు.

షాకబ్జార్బర్‌ను విప్పి బల్ల మీద పరిస్తే అడుగు నుంచి పైకి వరుస ఇది. ఆర్మ్‌కు తగిలే గుండు కీలు. అద్దంలా మెరిసే ఉక్కు కడ్డీ. ఆ కడ్డీ దూరే మూతలో రెండు రబ్బరు ఓ-రింగులు, వాటిని నిలబెట్టే ప్లాస్టిక్ గైడ్లు. కడ్డీ పై కొసన చిన్న నట్టుతో బిగించిన పిస్టన్. దాన్ని చుట్టి అల్యూమినియం సిలిండరు. పైన గిన్నె ఆకారంలో మెత్తటి రబ్బరు, దాన్నే బ్లాడర్ అంటారు. చివరికి మూత. ఇందులో అందరూ చిన్నచూపు చూసేది బ్లాడర్‌ను. కడ్డీ వ్యాసం 4 మి.మీ., లోపలికి దూరే పొడవు 40 మి.మీ. అయితే ప్రతి దెబ్బకూ అర మిల్లీలీటరు ఉక్కు నూనె నిండిన గదిలోకి చొరబడుతుంది. నూనె కుదించుకోదు. ఆ అర మిల్లీలీటరు చోటు ఎవరివ్వాలి? బ్లాడర్ వెనక్కి వంగి ఇస్తుంది, కడ్డీ బయటికి వెళ్తే తిరిగి ముందుకొస్తుంది. అది లేకుండా సిలిండరును నిండా నింపి మూత బిగిస్తే కడ్డీ కదలదు, లేదా ఓ-రింగు దగ్గర నూనె కక్కుతుంది. కడ్డీ మీద గీత పడితే ఓ-రింగుకు అదే రంపం. కడ్డీని కటింగ్ ప్లేయర్‌తో నేరుగా పట్టడం కన్నా పెద్ద పాపం ఈ పనిలో లేదు. తోలు ముక్కో మందపాటి గుడ్డో చుట్టి పట్టాలి.

నూనె నింపడం తొందర ఉన్నవాళ్ల పని కాదు. పిస్టన్‌ను అడుగుకు లాగి, సిలిండరును నిటారుగా పట్టుకుని, అంచు దాకా నూనె పోస్తారు. తర్వాత కడ్డీని చాలా నెమ్మదిగా పైకీ కిందికీ కదిలిస్తారు. పిస్టన్ రంధ్రాల కింద చిక్కుకున్న గాలి ఒక్కొక్క బుడగగా బయటపడుతుంది. మొదట మినపగింజంత బుడగలు, తర్వాత ఆవగింజంతవి, ఆఖరికి నూనె అంతా పాలిపోయినట్టు చేసే సన్నటి నురగ. పెద్ద బుడగలు నిమిషంలో పోతాయి. ఆ నురగ తేరుకోవడానికి పది నిమిషాలకు పైగా కదపకుండా వదిలేయాలి. వదలకపోతే బయటికి ఏమీ కనబడదు, కానీ కదలిక మొదట్లో పిస్టన్‌కు అడ్డు తగిలేది నూనె కాదు, గాలి. నూనె తేటపడ్డాక బ్లాడర్‌ను ఒక పక్క నుంచి వాల్చి దించుతారు, రెండో పక్క నుంచి మిగులు నూనె పొంగి పోతుంది. కడ్డీని సగం లోపలికి తోసి మూత బిగిస్తారు. నాలుగూ తయారయ్యాక చేయవలసిన పరీక్ష ఒకటుంది. స్ప్రింగులు లేకుండా కుడి ఎడమల జతను తీసుకుని, కడ్డీ కొసలు రెండూ ఎదురెదురుగా ఆనించి నొక్కాలి. రెండూ సమానంగా లోపలికి పోతే జత కుదిరినట్టు. ఒకటి ముందు లొంగిందంటే దాన్ని మళ్లీ విప్పాలి. యంత్రాలేమీ లేని ఈ పరీక్ష చిన్న తేడానైనా పట్టేస్తుంది.

పోసేది సిలికోన్ నూనె. దాని చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. నీళ్లు 1 అయితే పెద్ద కార్లలో వాడే నూనెలు కొన్ని వందల నుంచి వెయ్యి దాకా ఉంటాయి. మన ఆముదం గది వేడిమిలో 700కు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఆ జారుడు ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. కొన్ని సీసాల మీద సెంటీస్టోక్స్ బదులు 30, 40 వెయిట్ అని ఉంటుంది. అసోసియేటెడ్ వారి 30 వెయిట్ అంటే 350 సెంటీస్టోక్స్, 40 అంటే 500. ఇంకో కంపెనీ 30కీ ఇదే లెక్క కుదరాలని లేదు. సీసా మార్చేటప్పుడు సెంటీస్టోక్స్ అంకెనే నమ్మాలి. ఆ అంకె కూడా 25 డిగ్రీల దగ్గరిది. సిలికోన్‌ను ఎంచుకోవడానికి కారణమే అది వేడికి త్వరగా లొంగకపోవడం. ఖనిజ నూనె 38 డిగ్రీల నుంచి 99 డిగ్రీలకు పోతే చిక్కదనంలో 90 శాతం పైనే పోగొట్టుకుంటుంది, సిలికోన్ నూనె 60 శాతం దగ్గర ఆగుతుంది. అయినా రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో కారు నడిపితే, సిలిండరు 50 డిగ్రీలకు చేరే సరికి నూనె మూడో వంతు దాకా పలచబడి ఉంటుంది. సంక్రాంతికి కుదిరిన నూనె వేసవిలో ఎందుకు కుదరదో అడిగేవాళ్లకు జవాబు అదే.

ఇక పిస్టన్. నాలుగు రూపాయల ప్లాస్టిక్ బిళ్లలా కనిపించే దీని దగ్గరే నాకు ఈ యంత్రం మీద గౌరవం బాగా పెరిగింది. దాని నిండా సన్నటి రంధ్రాలు. పిస్టన్ వ్యాసం 16 మి.మీ., 1.3 మి.మీ. రంధ్రాలు 6 ఉన్నాయనుకోండి. రంధ్రాల మొత్తం వైశాల్యం 8 చదరపు మిల్లీమీటర్లు, పిస్టన్ వైశాల్యంలో ఇరవై అయిదో వంతు. కడ్డీ సెకనుకు ఒక మీటరు వేగంతో లోపలికి పోతే నూనె ఆ రంధ్రాల్లోంచి సెకనుకు దాదాపు 24 మీటర్ల వేగంతో చిమ్మాలి. అది గంటకు దాదాపు 85 కిలోమీటర్లు. కారు గరిష్ఠ వేగమెంతో దాని కడుపులో నూనె వేగమూ దాదాపు అంతే.

ఇప్పుడు 6 రంధ్రాల బిళ్ల బదులు 1.2 మి.మీ. రంధ్రాలు 8 ఉన్న బిళ్ల తీసుకుందాం. రెండూ మార్కెట్‌లో ఉన్నవే. పోయిజెయ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1840ల్లో, సన్నటి రక్తనాళాల సంగతి తేల్చుకోవడానికి గాజు గొట్టాల్లో ప్రవాహాన్ని కొలిచి, అది గొట్టం వ్యాసం నాలుగో ఘాతం చొప్పున ఉంటుందని కనుక్కున్నాడు. స్ప్రింగు తీగలో చూసిన నాలుగో ఘాతమే ఇక్కడా ఎదురైంది. ఆ లెక్కన నూనె నెమ్మదిగా జారేటప్పుడు 8 రంధ్రాల బిళ్ల 6 రంధ్రాల బిళ్లకన్నా 3 శాతం తక్కువ నూనెను వదులుతుంది, చేతికి తేడా తెలియదు. కానీ మొత్తం వైశాల్యం చూస్తే 8 రంధ్రాలది దాదాపు 14 శాతం ఎక్కువ. పెద్ద గెంతు మీది నుంచి దిగి నూనె చిమ్మే వేగంలో ఉన్నప్పుడు చిక్కదనం మాట తగ్గి, వైశాల్యం మాట పెరుగుతుంది. చిన్న గతుకుల్లో రెండు బిళ్లలూ ఒకేలా నడుస్తాయి, పెద్ద దెబ్బకు మాత్రం ఒకటి ఎక్కువ వదులుతుంది, రెండోది బిగుసుకుంటుంది. ఈ బిగుసుకోవడాన్ని పందేలవాళ్లు ప్యాక్ అంటారు. గెంతులు ఎక్కువున్న ట్రాకులో, కారు పొట్ట నేలకు కొట్టుకోకుండా అది కాపు కాస్తుంది. గతుకుల ట్రాకులో అదే చక్రాలను నేల మీది నుంచి తన్నేస్తుంది. నెమ్మదికీ వేగానికీ విడివిడిగా గుణం దిద్దుకునే వీలు పదో వంతు మిల్లీమీటరులో పెట్టినవాళ్ల ఆలోచనకు దండం పెట్టాలి.

ఇదంతా తెలిశాక కారు ముందు కూర్చునే పద్ధతి మారుతుంది. బ్యాటరీలు, బాడీ, అన్నీ ఉంచి తూస్తాం. వీలైతే ముందు చక్రాలను ఒక త్రాసు మీద, వెనక చక్రాలను ఇంకో త్రాసు మీద పెట్టి విడివిడిగా తూస్తాం. కుంగుడు చూసి స్ప్రింగు ఎంచుకుంటాం. ఎత్తు కోసం కాలర్‌ను కొద్దిగా తిప్పుతాం. తర్వాత కారును అడుగు ఎత్తు నుంచి వదిలి చూస్తాం. కుంగి, లేచి, ఒక్కసారిగా నిలిస్తే నూనె సరిపోయింది. రెండోసారి ఊగితే నూనె పలచన. లేవడానికి బద్ధకిస్తే చిక్కన. ఆ తర్వాతే నడిపి చూసి పిస్టన్ జోలికి వెళ్లాలి. టైరు కూడా నూనె లేని స్ప్రింగే కాబట్టి పెద్ద టైర్ల ట్రక్కుల్లో బల్ల మీద కుదిరింది మట్టిలో కొంచెం ఎగురుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు.

రంగు రంగుల అల్యూమినియం షాకబ్జార్బర్ల సెట్టు కొనాలని చూస్తున్నవాళ్లకు ఒక మాట. ముందు మీ కారులో ఉన్నవాటినే విప్పి, కొత్త నూనె పోసి, గాలి పూర్తిగా తీసి, రెండు రకాల స్ప్రింగులూ రెండు రకాల పిస్టన్లూ తెచ్చుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి, మార్చింది నోటు పుస్తకంలో రాసుకోండి. చాలా కార్లకు ఆపైన ఏమీ కొనాల్సిన అవసరం రాదు.